తాతగారి గ్లోవ్స్

జలపాతం ముందు నిలబడి ముక్కు మూసుకున్న మనిషిని గైడు ఇంతవరకూ చూడలేదు.

"నీళ్ళు కంపు కొడుతున్నాయి," అంది అత్తగారు.

"అది నాచు వాసనండీ," అన్నాడు గైడు.

"ఏదైతేనేం, కంపే కదా."

కోడలు బ్యాగులోంచి తడి టిష్యూ తీసి అందించింది. పొద్దుటి నుంచీ ఆమెకు అదే పని. కారు తలుపు పిడి తుడవాలి. బెంచీ తుడవాలి. కొత్తగా కొన్న నీళ్ళ సీసా మూత కూడా తుడవాలి. దారిలో ఎవరి పిల్లాడో తుమ్మితే అత్తగారు ఆమడ దూరం జరిగి, వాడి తల్లిని చంపేసేలా చూసింది. ఆవిడ కొడుకు తెలివైనవాడు. పాప నిద్రపోయిందన్న వంకతో కారులోనే ఉండిపోయాడు.

ఆవిడకు అన్నీ అసహ్యమే. చెమట అసహ్యం, బురద అసహ్యం, ఎదుటివాళ్ళు నవ్వితే కనిపించే పళ్ళు అసహ్యం. అన్నిటికన్నా ఎక్కువ అసహ్యం కోడలి తండ్రి.

ఆయనకు సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ ఉంది. డ్రైవరు రాని రోజు తనే నడుపుతాడు. పైపు కూడా తనే పట్టుకుంటాడు. ఆ లారీ మీదే కూతుర్ని ఇంజనీరింగు చదివించాడు. పెళ్ళిలో అత్తగారు ఆయనకు దూరం నుంచే ఒక దండం పడేసింది. ఆ తర్వాత గడప తొక్కనివ్వలేదు. మనవరాలు పుట్టి ఏడాది కావస్తున్నా ఆయన ఫోన్లో చూసుకోవడమే గానీ ఒళ్ళోకి తీసుకున్నది లేదు. రేపే పాప మొదటి పుట్టినరోజు.

పాత వంతెన వైపు కాలిబాట ఎక్కుతూ కోడలు మళ్ళీ అడిగింది. "అత్తయ్యగారూ, రేపు ఒక్క గంట నాన్నని రానివ్వండి. పాపని ఒకసారి ఎత్తుకుని వెళ్ళిపోతారు."

"ఆ చేతులతోనా?" అత్తగారి ముఖం వంకరపోయింది. "చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. పుట్టుక అంటూ ఒకటుంటుంది. అదేంటో చూపిద్దామనే నిన్నిక్కడికి తీసుకొచ్చాను. లేకపోతే ఈ రొచ్చులో కాలు పెడతానా?"

పుట్టుక అంటే ఆవిడ తాతగారు. ఈ కొండల్లో బంగారం తవ్వే రోజుల్లో ఆయన గని కంపెనీలో ఉద్యోగి. ఇంట్లో హాలు మధ్యన ఆయన ఫోటో ఉంటుంది. గుబురు మీసాలు, మోచేతుల దాకా గ్లోవ్స్. ఆయన కథ కోడలికి కంఠతా వచ్చు. అయినా అత్తగారు గైడు కూడా వినాలని మళ్ళీ మొదలుపెట్టింది.

"మా తాతగారు గ్లోవ్స్ లేకుండా పనిలో దిగేవారు కాదు. పూటపూటకీ స్నానం. సబ్బులు కంపెనీయే ఇచ్చేది. అత్తరు పూసుకోందే వీధిలోకి వచ్చేవారు కాదు. మేనేజరంతటివాడు కూడా ఆయనతో దూరంగా నిలబడే మాట్లాడేవాడు, అంత మర్యాద. మిగతావాళ్ళకి వరస ఇళ్ళిస్తే ఆయనొక్కరికీ ఊరి చివర విడిగా ఇల్లు కట్టించారు. రిటైరైనప్పుడు ఆయన చేతికి దొరికిన బంగారంలోంచే ఒక ముక్క తీసి బహుమతిగా ఇచ్చారు."

"అలాగాండీ," అన్నాడు గైడు. రోజుకి ఇలాంటి తాతలు చాలామంది తగులుతారు అతనికి.

ఆ ముక్క ఇప్పుడు ఆవిడ గొలుసుకు వేలాడుతోంది. చిక్కుడు గింజంత ఉంటుంది. కరిగించలేదు, మెరుగు పెట్టించలేదు. కోపం వచ్చినా, ఆలోచన వచ్చినా దాన్ని పళ్ళ మధ్య పెట్టుకోవడం ఆవిడకు చిన్నప్పటి అలవాటు. తుడవకుండా ఆవిడ నోట్లో పెట్టుకునే వస్తువు అదొక్కటే.

ఇనుప వంతెన తుప్పు పట్టి ఎర్రగా ఉంది. కింద వాగు నురగలు కక్కుతోంది. కోడలు కమ్మీ మీద వాలి కాసేపు చూసింది. అత్తగారు ఆ కమ్మీ ఎక్కడ తగులుతుందోనని చేతులు రెండూ పైకెత్తుకుని దాటింది, దొరికిపోయిన దొంగలాగా.

అవతలి ఒడ్డున చిన్న రాతి గది ఉంది. గైడు దాని ముందు ఆగాడు.

"గనిలో దిగిన ప్రతివాడూ ఈ వంతెన దాటే ఇంటికి వెళ్ళాలి. ఇక్కడే సోదా. జుట్టు దువ్వి చూసేవాళ్ళు, చెప్పులు విప్పించేవాళ్ళు, నోరు తెరిపించేవాళ్ళు. దాంతో కొందరు బంగారాన్ని మింగేయడం మొదలుపెట్టారు. అనుమానం వస్తే ఈ గదిలో పెట్టి తాళం వేసి, ఆముదం తాగించేవాళ్ళు. ఇక ఆ తర్వాత..."

"చాలు," అంది అత్తగారు. "మిగతాది వినక్కర్లేదు."

"మరి అందులో వెతికేదెవరు?" అని అడిగింది కోడలు.

"దానికొక మనిషి ఉండేవాడమ్మా. జల్లెడ పట్టి, ఈ జలపాతం నీళ్ళతోనే కడిగి ఏరేవాడు. ఇంకెవరూ ఆ పనికి ఒప్పుకోలేదట. లోపల ఫోటో ఉంది, చూడండి."

"ఛీ ఛీ. అలాంటివాడికి ఫోటో ఒకటా?" అత్తగారు బంగారు ముక్కని పళ్ళ మధ్య పెట్టుకుని మొహం తిప్పేసుకుంది. "నువ్వెళ్ళి చూడు. మీ నాన్న బాపతేగా. దండం పెట్టుకుని రా."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. విసురుగా లోపలికి వెళ్ళింది.

బయటికి వచ్చేసరికి ఆమె ముఖంలో కోపం లేదు. ఫోన్ తీసి, అత్తగారికి వినబడేలా మాట్లాడింది. "నాన్నా, రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. కేకు కోసేటప్పుడు పాపని మీరే ఎత్తుకోవాలి."

అత్తగారు ముక్కని కొరుకుతూనే ఉరిమింది. "ఎవర్నడిగి పిలిచావు?"

కోడలు తడి టిష్యూ ఒకటి లాగి ఆవిడ చేతిలో పెట్టింది.

"ముందు అది నోట్లోంచి తీసెయ్యండి అత్తయ్యగారూ, లోపల గోడ మీద మీ తాతగారు గ్లోవ్స్ తొడుక్కునే ఉన్నారు, ఆయన్ని అడిగే పిలిచాను."