అందరికీ ఒకేసారి

ప్యాకింగ్ హాల్లో అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. "మన కంపెనీ కుటుంబం ఈ ఉదయం ఒక సభ్యుణ్ణి కోల్పోయింది" అని మెసేజ్. పేరు లేదు.

లేబుళ్లు అంటిస్తున్న ఆమె పని ఆపేసింది. "అయ్యో, ఎవరింటి మనిషో పాపం!"

అంతలో సూపర్‌వైజరూ, సమాచార విభాగం ఆఫీసరూ లోపలికి వచ్చారు. ఏ కబురైనా క్షణంలో అందరికీ చేరేలా ఏర్పాటు చేసింది ఆ ఆఫీసరే. ఈ మెసేజ్ రాసిందీ ఆయనే.

"పోయిందెవరు సార్?" అని ఆమే అడిగింది.

ఆయన సూపర్‌వైజర్ వైపు చూశాడు.

"డ్యూటీ దిగాక వాళ్లింటికి వెళ్తాం సార్. మా ఆయన్ని కూడా తీసుకెళ్తా. బాయిలర్ దగ్గరే ఉంటాడుగా."

సూపర్‌వైజర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాళ్లావిడకి ముందే చెప్పారు కదా సార్? ఇలా ఫోన్లో చూస్తే తట్టుకుంటుందా?"

ఆఫీసరు తల దించుకున్నాడు. "లేదమ్మా. అందరికన్నా ముందు ఆమెకే చెప్పాల్సింది. తప్పయిపోయింది. ఇప్పుడు చెప్పడానికే వచ్చాం."

ఎవరి కోసం వచ్చారోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ ఇటు తిరిగేసరికి సూపర్‌వైజర్ ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంది.

"కాదని చెప్పక్కా," అందామె.