మంచం దిగిన బావ

"ఆ మంచాన్ని ఇక వదిలిపెట్టు బావా, దానికీ నడుం నొప్పి పట్టుకుంటుంది" అన్నాడు బామ్మర్ది గుమ్మంలోంచే.

గోడౌన్ పక్క గదిలో వ్యాయామం ముగించి బావ మంచం దిగాడు. లారీ సరుకు దించుతూ నడుం పట్టేసిన దగ్గర్నుంచి కంపెనీ పెట్టిన ఫిజియో మేడం చేతిలోనే ఉన్నాడు. ఇవాళ ఆఖరి పరీక్ష. నేల మీదున్న బరువు పెట్టెను బల్ల మీదికి చేర్చాలి.

బావ మోకాళ్లు వంచి, పెట్టెను పొట్టకు ఆనించుకుని మెల్లగా లేచాడు.

"చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టుంది!" నవ్వాడు బామ్మర్ది.

"అలాగే ఎత్తాలి. రేపట్నుంచి పనిలోకి వెళ్లొచ్చు" అంది మేడం. "ఏదీ, మీరు దాన్ని దించండి చూద్దాం."

బామ్మర్ది మీసం దువ్వి పెట్టెను ఒక్క ఊపున కిందికి దించాడు. లేవబోయి, గోడకు చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. నవ్వు మాత్రం మొహం మీదే ఉంది.

ఆ నవ్వు బావకు తెలుసు. మంచాన పడకముందు తనూ అలాగే నవ్వాడు.

"ఎప్పట్నుంచిరా?"

"నువ్వు రానప్పట్నుంచి. నా సరుకుతోపాటు నీ సరుకూ ఎవరు దించారనుకున్నావ్, మా అక్కా?"

"వేరే మనిషిని పెట్టారన్నావుగా?"

"పెడితే వాడే ఉండిపోడూ? అప్పుడు నేనెవర్ని వెక్కిరించను?"

బావ మంచం మీద నలిగిన దుప్పటిని చేత్తో సరిచేశాడు.

"ఇక వెక్కిరించడం నా వంతు. రా, పడుకో. మంచం ఇంకా వెచ్చగానే ఉంది."