నాలుగు వేళ్ళ ఎత్తు

ఫ్రెహోకి తన తోడికోడలు బఖ్మల్ మీద ఉన్న ఫిర్యాదులు ఒకటీ రెండూ కావు. ఎంత దెప్పినా ఎదురు మాట్లాడదు. చెప్పకుండానే పని అందుకుంటుంది. అత్తగారికి కాళ్ళు నొప్పంటే, ఆ మాట పూర్తయ్యేలోపు నూనె కాచి తెస్తుంది. అలాంటి మనిషితో ఒకే ముంగిట్లో పదకొండేళ్ళు కాపురం చేయడం ఎంత నరకమో అనుభవిస్తేగాని తెలియదు.

ఇవన్నీ చాలవన్నట్టు, ఇవాళ బఖ్మల్ కేకు పొంగింది.

సమర్కండ్‌లోని ఆ యూదుల ఇంట్లో పస్కా పండగ భోజనానికి ఒక్క కేకే బల్ల ఎక్కుతుంది. తడి తగిలితే పులుస్తుందని, పచ్చి గోధుమపిండి నలుసైనా తగలకూడదు. గుడ్లు, అక్రోటు పప్పు, పులియని రొట్టె పొడి, అంతే. పెద్దకోడలిగా ఆ గౌరవం ఏటా ఫ్రెహోదే. ఆవిడ కేకు రెండు వేళ్ళ ఎత్తు లేస్తే గొప్ప. ఈసారి బఖ్మల్ కూడా ఒకటి చేసింది, అది నాలుగు వేళ్ళు లేచింది! సాయంత్రం ముప్ఫై మంది చుట్టాలు వస్తున్నారు.

"పిండి కలపకుండా అంత ఎత్తు ఎలా లేస్తుంది అత్తయ్యా?" వంటింటి గడప దాటకముందే మొదలుపెట్టింది ఫ్రెహో.

అత్తగారు సివ్యో ఉడికిన గుడ్లు వలుస్తోంది. "గుడ్లసొన బాగా గిలక్కొట్టిందేమో. నువ్వు నాలుగు తిప్పులు తిప్పి చెయ్యి లాగేస్తోందంటావు."

"అలాగా! మరి పొద్దున్న ఏప్రాన్ కింద ఏదో దాచుకుని కట్టెల కొట్లోకి ఎందుకెళ్ళింది? వచ్చేటప్పుడు చేతులు దులుపుకుంటే తెల్లగా రాలింది. నా కళ్ళతో చూశాను."

సివ్యో చేతిలో గుడ్డు ఆగిపోయింది. ఇల్లంతా వారం రోజులు కడిగించిన మనిషి. పస్కా పూట ఇంట్లో పిండి ఉందంటే ఆవిడకి పాము దూరినట్టే.

కట్టెల కొట్టు సోదా ఎంతోసేపు పట్టలేదు. చివరి వరస కట్టెల వెనక, పాతగుడ్డలో చుట్టిన జల్లెడ దొరికింది. సివ్యో దాన్ని గోడకేసి తట్టింది. రాలినదాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. గోధుమపిండే.

"చూశారా! నేను చెబితే నమ్మలేదు!" ఫ్రెహో మొహంలో పండగ ముందే వచ్చేసింది.

బఖ్మల్‌ని పిలిచారు.

"ఎవరిదే ఇది?"

బఖ్మల్ ఒక్క క్షణం తటపటాయించింది. "నాదే అత్తయ్యా. పొరపాటున పస్కా సామానులో కలిసింది. పండగ పూట మీ మనసు పాడవుతుందని దాచాను."

"దీంతో జల్లించిన కేకు నా బల్ల ఎక్కదు. పట్టుకెళ్ళి పక్కింటి నసీబాకి ఇచ్చిరా. వాళ్ళకి ఈ పట్టింపు లేదు, పిల్లలు తింటారు."

బఖ్మల్ మారుమాట లేకుండా కేకు తేవడానికి కదిలింది. కళ్ళు మాత్రం నిండాయి. పుట్టింటివాళ్ళు మొదటిసారి ఈ ఇంటి పండక్కి వస్తున్నారు మరి.

"ఆ జల్లెడ ఇలా ఇవ్వండత్తయ్యా, నేను వీధిలో పారేసొస్తా" అంటూ ఫ్రెహో హుషారుగా లాక్కుంది.

లాక్కున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. జల్లెడ అంచు చుట్టూ నీలం దారంతో కుట్టు ఉంది. ఆ కుట్టు వేసిన చేతిని ఫ్రెహో బాగా ఎరుగును.

ఆవిడ వంటింటి కిటికీ వైపు చూసింది. అక్కడ తెల్లగుడ్డ కింద తన కేకు, రెండు వేళ్ళ ఎత్తున, చల్లగా కూర్చుని ఉంది. నోరు మూసుకుంటే చాలు, సాయంత్రం బల్ల మీద అదే.

"ఏమే, పారేస్తానని అలా నిలబడిపోయావేం?" అంది సివ్యో.

ఈ పదకొండేళ్ళలో ఫ్రెహో నోట ఎన్నడూ రాని మాట బయటికి రావడానికి కొంచెం సమయం పట్టింది.

"తప్పు నాదే అత్తయ్యా. పస్కా జల్లెడనుకుని రోజూ పిండి జల్లించుకునే నా జల్లెడ పొద్దున్న బఖ్మల్‌కిచ్చాను. ఇది దాన్లో పిండి చూసి, నా పరువు పోకూడదని దాచేసి, పొడంతా రోట్లో మెత్తగా దంచుకుంది, పొద్దుటినుంచీ ఆ చప్పుడు వింటూనే ఉన్నా... నిన్న ఈ జల్లెడతో జల్లించింది నా కేకు!"