సున్నం నిలవని గోడ

"ఎవడు వేయించాడ్రా ఈ బొమ్మ?" ప్రేమ్‌చంద్ పెయింటర్ నాగూర్ వలి కాలర్ పట్టుకున్నాడు.

దర్శి రోడ్డు పక్కనున్న ప్రేమ్‌చంద్ పత్తి గోడౌను గోడ అది. మిర్చి అమ్ముకోవడానికి అతను గుంటూరు యార్డుకి వెళ్లొచ్చేసరికి బొమ్మ వెలిసింది. కల్లం నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. మధ్యలో ఒక జత మిలిటరీ బూట్లు, తొడుక్కున్న మనిషి లేడు. కింద 'యుద్ధం వద్దు' అని బారెడేసి అక్షరాలు.

"మా తమ్ముడు బాలు బోర్డర్లో ప్రాణాలకి తెగించి నిలబడితే, నా గోడ మీదే ఈ రాతా? పేరు చెప్పు!"

"చెప్పను బాబూ, మాటిచ్చాను. చెబితే ఒకడి నోటికాడ కూడు పోద్ది."

"వాడెందుకు చెప్తాడన్నా? వీళ్ల బుద్ధే అంత!" అని అరిచాడు చుట్టూ మూగిన కుర్రాళ్లలో ఎవడో.

వారం నుంచీ ఫోన్లలో యుద్ధం చేస్తున్న వీరులు వాళ్లంతా. ఇన్నాళ్లకి చేతికందాడు శత్రువు, యాభై ఏళ్లవాడు, ఒంటరివాడు. ఊరుకుంటారా? ఊళ్లో ప్రతి దుకాణం బోర్డూ రాసిన ఆ కుడిచేతి వేళ్లు విరిచారు, పాపిష్టి వెధవలు!

ప్రేమ్‌చంద్ బకెట్‌తో సున్నం తెప్పించి, తనే గోడంతా కొట్టాడు.

"దాని మీద సున్నం నిలవదు బాబూ," అన్నాడు వలి, పడినచోటు నుంచే.

"నోర్ముయ్!"

పదోరోజున బాలు ఊరికొచ్చాడు, జెండా కప్పిన పెట్టెలో. గోడౌను ముందే దించారు. "నాయనా, ఒక్కసారి లేవరా!" అని తల్లి హనుమాయమ్మ పెట్టె మీద పడి గుండెలు బాదుకుంటోంది. అప్పుడే వాన దంచింది. గోడ మీద సున్నం తెల్లగా కారిపోయింది. మిరపకాయలు, ఖాళీ బూట్లు, అక్షరాలు, అన్నీ మళ్లీ బయటపడ్డాయి.

ప్రేమ్‌చంద్ తడుస్తూనే వెళ్లి, చేతికి కట్టుతో ఓ పక్కన నిలబడ్డ వలి ముందు ఆగాడు.

"ఇప్పుడైనా చెప్పు వలీ. ఎవరు వేయించారు?"

"ఇక చెప్పొచ్చులే బాబూ. ఆ కూడు తినేవాడు లేడుగా."

వలి ఎడమచేత్తో ఫోను తీసి, పాత వాయిస్ మెసేజ్ నొక్కాడు. బాలు గొంతు వినిపించింది.

"వలి బాబాయ్, మా గోడౌను గోడ మీదే వెయ్యి. నా పేరు మాత్రం చెప్పకు, ఉద్యోగం ఊడుద్ది. ఆఁ, ఎనామిల్‌తో వెయ్యి బాబాయ్... మా అన్న సంగతి తెలుసుగా, సున్నం కొట్టేస్తాడు."