బానెట్ మీద గీతలు

కారు కొని వారమైంది. అందులో నాలుగు రోజులు అది కార్లకు మెరుగులు పెట్టే జయరాజు షెడ్డులోనే ఉంది.

వీరభద్రయ్యకు నంద్యాలలో ఎరువుల దుకాణం. ముప్పై ఏళ్లు స్కూటరు మీదే తిరిగిన మనిషి. యాభై రెండో ఏట, 2007లో, నల్ల కారు కొన్నాడు.

"ఒళ్లంతా కోటింగ్ కొట్టినా అన్నా," అన్నాడు జయరాజు. "బానెట్‌కు బెంగళూరు నుంచి తెప్పించిన పల్చటి ప్లాస్టిక్ ఫిలిం అతికించినా. ఉందని కూడా తెలీదు చూడు."

"గీతలు పడవా?"

"పడినా ఫిలిం మీదే పడతాయి, రంగుకేం కాదు. అయినా కొన్ని దినాలు ఎవుర్నీ తాకనియ్యొద్దు."

వీరభద్రయ్యకు ఆ చివరి మాటే గుర్తుండిపోయింది.

ఆదివారం పొద్దున ఒక్కడే ఆళ్లగడ్డ బయలుదేరాడు. భార్య రాజేశ్వరి, కొడుకు అభిలాష్ రెండు రోజుల ముందే అక్కడ బావమరిది ఇంటికి వెళ్లారు. ఇవాళ అందరికీ కారు చూపించాలి.

ఊరు మూడు కిలోమీటర్లుందనగా టీ కొట్టు ముందు ఆపాడు. దారి దుమ్ము తుడిచి, మెరిసే కారుతో ఊళ్లోకి వెళ్లాలని ఆయన కోరిక. గుడ్డ తడుపుకోవడానికి కొట్టు వెనక తొట్టి దగ్గరికి నడిచాడు. పక్కనే శిల్పాల షెడ్లు. రాళ్లు కోసే మిషన్ల రొదలో మనిషి మాట వినపడదు.

తిరిగొచ్చేసరికి ఒక మనిషి బానెట్ మీదికి వంగి ఇనుప మేకుతో గీస్తున్నాడు. ఒళ్లంతా తెల్లటి రాతి దుమ్ము.

"రేయ్! ఏం చేస్తాండావ్ రా?"

ఆ మనిషి ఇటు చూడలేదు. నంద్యాల రోడ్డు వైపు ఓ చూపు చూసి, ఇంకో రెండు గీతలు గీసి అప్పుడు తిరిగాడు.

బానెట్ నడుమ జానెడు పొడవున వంకర టింకర గీతలు.

వీరభద్రయ్య వాటిని రెండోసారి చూడకుండానే అతని చెంప మీద కొట్టాడు. ఆ మనిషి ఎదురు తిరగలేదు. అతనే వీరభద్రయ్య మణికట్టు పట్టుకుని ఆళ్లగడ్డ వైపు, రోడ్డు మలుపు వైపు లాగబోయాడు. గొంతులోంచి మాట కాని శబ్దమేదో వస్తోంది.

"నా చెయ్యే పడతావా? నోరు లేదా నీకు?"

"నిజంగానే లేదప్పా!" టీ కొట్టు గోవిందమ్మ పరుగెత్తుకొచ్చింది. "మూగోడు. భీమన్న అని, చెంచోల్ల పిల్లోడు. మొన్ననే ఈడ షెడ్డులో పనికి కుదిరినాడు. ఇడిసిపెట్టు."

వీరభద్రయ్య విడిచిపెట్టలేదు. చెవి మీద ఇంకో మూడు దెబ్బలు వేశాడు. భీమన్న ఆ దెబ్బలు తింటూనే మలుపు వైపు చెయ్యి చాపుతున్నాడు.

"మూగోడే కాదు, పిచ్చోడు కూడా," అని ఆయన కారెక్కాడు.

గీతలు పడ్డ కారుతో బావమరిది ఇంటికి వెళ్లడానికి మనసొప్పలేదు. అక్కడికక్కడే వెనక్కి తిప్పి నంద్యాల దారి పట్టాడు.

జయరాజు వేడిగాలి పట్టించి ఫిలిం మెల్లగా ఒలిచాడు. కింద రంగు అద్దంలా ఉంది.

"చూడన్నా, నలుసంత గీత కూడా లేదు."

ఒలిచిన ఫిలింను ఉండచుట్టి, బయట మండుతున్న చెత్తలో పారేశాడు.

వీరభద్రయ్య అప్పుడు నవ్వాడు.

ఫోన్ మోగింది. రాజేశ్వరి ఏడుస్తోంది.

"యాడుండావ్? అభి నీకు ఎదురొస్తానని బండేసుకొని పోయినాడు. లారీ గుద్దేసి పోయిందంట. ఆస్పత్రికి తొందరగా రా."

ఆయన చేరేసరికి అంతా అయిపోయింది. టీ కొట్టు దాటగానే వచ్చే మలుపులో జరిగిందన్నారు. రక్తం చాలా పోయిందని, ఒక్క అరగంట ముందు తెచ్చి ఉంటే దక్కేవాడని డాక్టరు చెప్పాడు.

మలుపు వైపు చాచిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ సంగతి రాజేశ్వరికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

లారీ దొరకలేదు. 'గుర్తు తెలియని వాహనం' అని పోలీసులు కాగితాల్లో రాశారు. మూడు నెలలు గడిచాయి.

"ఆడ అంతమంది పని చేస్తాంటారు. ఒక్కరన్నా చూసి ఉండరా? పోయి అడుగు," రాజేశ్వరి రోజూ అదే మాట.

చివరికి ఒక రోజు బస్సులో వెళ్లాడు. టీ కొట్టు వైపు చూడకుండా శిల్పాల షెడ్డులోకి నడిచాడు. యజమాని సుబ్బరాయుడు విగ్రహం కళ్లు చెక్కుతున్నాడు.

"మా వాణ్ని గుద్దిన లారీని ఈడ ఎవురన్నా చూసినారేమో అని..."

"ఆ పిల్లోని నాయనవా?" సుబ్బరాయుడు ఉలి పక్కన పెట్టి స్టూలు జరిపాడు. "కూచోప్పా. ఆ దినం నేను లేను, రాళ్లు తెచ్చేకి పోయినా. మా భీమన్న చూసినాడు. మూగోడు. మర్నాడు నాకు సైగలతో చెప్పినాడు."

వీరభద్రయ్య షెడ్డంతా చూపుతో వెతికాడు.

"ఇప్పుడు యాడుండాడు?"

"ఎవురో కొడితే చెవి చీము పట్టె. పని ఇడిసి అడివిలో వాళ్ల గూడేనికి పోయినాడు."

"ఏం చెప్పినాడు?"

"లారీ ఎనకాలే పరిగెత్తినాడంట. ఈడ గతుకుల కాడ అది నిదానించింది. వానికి అచ్చరం రాదు గానీ, కంటి ముందున్నదాన్ని ఉన్నట్టే దించుతాడు. చేతిలో కాగితం లేదు. ఎవురిదో కారు నిలబడి ఉంటే, దాని మీదనే మేకుతో లారీ నంబరు దించినాడంట."

"ఆ నంబరు మళ్లీ గీయించలేదా?" అన్నాడు వీరభద్రయ్య.

"మళ్లీ గీయమన్నా. కంటి ముందు లేకుంటే చేతగాదు వానికి. ఎవురికి చెప్పినా, మూగోని సాక్ష్యమేంది అని నవ్వినారు."

సుబ్బరాయుడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ కారు ఎవురిదో కనుక్కోప్పా. అది దొరికిందంటే, నీ కొడుకును సంపిన లారీ దొరికినట్టే."