తలగడ కింద పార

యమునకు వరదొచ్చి పాత ఇనుప వంతెన మూసేసిన ఏడాది అది. ఢిల్లీలో కామన్వెల్త్ ఆటలకు కాస్త ముందు.

నది ఒడ్డున అద్దెకుంటున్న రఘురామ్ ఇంట్లోకి మోకాలిలోతు నీళ్ళు చేరాయి. భార్య ప్రణతినీ, పాకే వయసు కొడుకు చరణ్‌నీ వెంటబెట్టుకుని మునిర్కాలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చిపడ్డాడు.

ఉన్నది మేడ మీద ఒకటే గది. బయట మెట్లను ఆనుకుని చిన్న వసారా. మామగారు ధర్మయ్య పడక ఆ వసారాలోనే.

అత్తగారి తీరు ప్రణతికి మొదటి రోజే మింగుడు పడలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే తాయారమ్మ వసారాలో చాప పరిచేది. తలగడ కింద తనే ఓ పొట్టి పార పెట్టేది. మొగుడు నడుం వాల్చగానే లోపలికొచ్చి గడియ వేసేది. టీ వేళకు తలుపు తీసి, గడప ఇవతలే నిలబడి, గరిటెతో కంచం మీద టంగుటంగున కొట్టేది.

ధర్మయ్య ఉలిక్కిపడి లేచేవాడు. చుట్టూ చూసేవాడు.

"ఇల్లేనా?" అనేవాడు.

"ఇల్లే. టీ తాగండి" అనేది తాయారమ్మ, ఉన్నచోటి నుంచి కదలకుండా.

మెట్ల పక్కన పడుకోబెడితే ఎవరైనా 'ఇల్లేనా' అనే దెప్పుతారు అనుకుంది ప్రణతి.

"ఇదేం తరీకా? కుక్కని లేపినట్టు!" అంది మొగుడితో.

"నా చిన్నప్పట్నుంచీ అంతే. మా అమ్మ పద్ధతులు మా అమ్మవి" అన్నాడు రఘురామ్. "ఆ నెత్తిమీద కొంగు చూడు. ఇంట్లో కూడా తీయదు. ఈ సందులో ముసుగులేసుకునే హర్యానా ఆడవాళ్ళే నయం."

"మరి ఆ పారేంటి? ఇనుము మీద తల పెట్టుకు పడుకోవాలా ఆయన?"

"అది నాన్న ఫౌజులో వాడిన పార. తల కింద అది లేనిదే ఆయనకు నిద్ర పట్టదు. డెబ్భై ఒకటి యుద్ధంలో తూటాలు అయిపోతే కందకంలో దాంతోనే కొట్లాడాడట. అంచు చూశావా, కత్తే. ఆయన్నడిగితే మాత్రం 'మట్టి తవ్వాం' అంటాడు. అంతకుమించి నోరు విప్పడు."

మెలకువగా ఉన్న ధర్మయ్య వేరు. మనవణ్ణి భుజానికెత్తుకుని సందు చివర గేదెల్ని చూపించి తెచ్చేవాడు. చరణ్ ఆయన మీసం పట్టుకుంటే వదిలేవాడు కాదు. మాటలు తక్కువైన ఆ మనిషి అప్పుడు మాత్రం నవ్వేవాడు.

మూడోనాటి మధ్యాహ్నం ఉక్కపోస్తోందని ప్రణతి గడియ తీసింది. సందు దొరకగానే చరణ్ గడప దాటాడు. చాప మీద తాత నిద్రపోతున్నాడు. నిద్రలోనే పళ్ళు కొరుకుతున్నాడు.

"పోరా, వెళ్ళి తాతను లేపు" అని ముచ్చటగా చూస్తూ నిలబడింది ప్రణతి.

పిల్లాడి చెయ్యి మీసం దాకా వెళ్ళింది.

బియ్యం ఏరుతున్న తాయారమ్మ చేట విసిరేసి దూకింది. పిల్లాడి కాలు దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగింది. వాడి గడ్డం నేలకు కొట్టుకుంది. ఏడుపు అందుకున్నాడు.

"పసివాణ్ణి కాలు పట్టి ఈడుస్తారా!" ప్రణతి బిడ్డను లాక్కుంది.

"నిద్రలో ఉన్న మనిషిని ముట్టుకోకూడదమ్మా" అంది తాయారమ్మ రొప్పుతూ.

"ముట్టుకుంటే ఏమవుతుంది? అరిగిపోతాడా?"

తాయారమ్మ కొంగు ముందుకు లాక్కుంది.

"బస్, ఇక చాలు అత్తయ్యా. రేపు పొద్దున్నే పోతాం. ఆ నీళ్ళలోనైనా ఉంటాం గానీ ఇక్కడుండం. ముసలాయనకు మనవడి ముచ్చట కూడా దక్కనివ్వరు మీరు. మళ్ళీ ఈ గడప తొక్కితే ఒట్టు."

ధర్మయ్య ఎప్పుడు లేచాడో, లేచి కూర్చునున్నాడు. ఒక చెయ్యి తలగడ కింద ఉంది. ఆ చేతిని మెల్లగా బయటికి తీసి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. ఏడుస్తున్న మనవడి వైపు చూశాడు.

ఆ రోజు "ఇల్లేనా" అని అడగలేదు.

మర్నాడు పొద్దున ప్రణతి సంచీలు సర్దుకుని వసారాలోకి వచ్చింది. కింద సందులో, యమున కట్ట మీద మట్టి పోయడానికి కూలీలను తీసుకెళ్ళే టెంపో కదులుతోంది. వెనక పారల గుట్ట మీద ధర్మయ్య పొట్టి పార పడి ఉంది.

ధర్మయ్య చాప మీద తాయారమ్మను తన ముందు కూర్చోబెట్టుకుని, ఆమె నెత్తిమీది కొంగు తీసి, నడినెత్తి నుంచి చెవి దాకా వెంట్రుక మొలవని, సరిగ్గా ఆ పార అంచంత పొడుగున్న పాత గాటు మీద కొబ్బరినూనె రాస్తున్నాడు.