నాలుగు నుంచి ఏడు దాకా

"లెక్కల్లో ముప్ఫై నాలుగు." క్లాసు టీచరు ప్రోగ్రెస్ కార్డును తల్లి వైపు తిప్పింది. "మొదటి పరీక్షలో ఎనభై తొమ్మిది. ఇదెలా జరిగిందో మీరే చెప్పండి."

తల్లి కార్డు వంక చూడలేదు. ఒళ్ళోని చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మందుల షాపులో గంట సెలవడిగి పరుగున వచ్చింది, ఇంకా ఆయాసం తీరలేదు. పక్కన నిలబడ్డ పదో తరగతి కూతురు మాత్రం గోడ గడియారాన్నే చూస్తోంది. నాలుగు దాటి పది నిమిషాలైంది.

"సైన్సు పరీక్షయితే సగంలోనే లేచి వెళ్ళిపోయింది."

"ఆ రోజు కళ్ళు తిరిగాయండీ దానికి," అంది తల్లి.

కూతురు చటుక్కున అమ్మ వైపు చూసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పిన గుర్తు లేదు.

టీచరు సొరుగులోంచి ఒక ఫోను తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున క్లాసులో టైపు చేస్తూ దొరికిపోతే లాక్కున్న ఫోను అది. "అసలు రోగం ఇదీ."

"నేనే కొనిచ్చానండీ. నేను ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. అందాకా ఒక్కతే ఉంటుంది కదా అని."

"పిల్లలు ఎవరితో మాట్లాడుతున్నారో ఓ కన్నేసి ఉంచండని మొదటి మీటింగులోనే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. విన్నారా?"

"విన్నానండీ."

వినని తల్లిదండ్రులందరూ అలాగే అంటారని టీచరు అనుభవం. ఆమె కూతురి వైపు తిరిగింది.

"ఎవరమ్మా నీ ఫోనులో ఈ బుజ్జిపిట్ట? రోజూ నాలుగు నుంచి ఏడు దాకా ఆగకుండా మెసేజిలు. ఎన్నాళ్ళుగా ఇది?"

"మీటింగైన వారం నుంచి మేడమ్. నా ఫ్రెండు. వేరే స్కూలు."

"ఎప్పుడైనా చూశావా? గొంతు విన్నావా?"

"లేదు మేడమ్."

"మరి ఆడపిల్లో, మీసాలు నెరిసినవాడో నీకేం తెలుసు?"

"ఆడపిల్లే!" ఆ పిల్ల గొంతు పెంచింది. "తిన్నావా అనడుగుతుంది. ఎవరైనా ఏమైనా అన్నారా అనడుగుతుంది. రెండు నిమిషాలు జవాబివ్వకపోతే కంగారు పడిపోతుంది మేడమ్. అందుకే పుస్తకం తెరిచినా కళ్ళు ఫోను మీదే ఉంటాయి. ఏడు దాటితే మాట్లాడదు, వాళ్ళింట్లో ఒప్పుకోరట. ఇవాళ నాలుగు దాటినా ఈ ఫోను ఒక్కసారీ మోగలేదు, ఏమైందో ఏమో." బల్ల మీది ఫోను వంక చూసింది. "ఇవన్నీ నన్ను అడిగేది అదొక్కతే మేడమ్. అమ్మ అలిసిపోయి వస్తుంది."

తల్లి తల వంచుకుంది. సంచి మీద పడిన కన్నీటి చుక్కను వేలితో తుడిచేసింది. అది చూసి టీచరు మనసు కూడా చివుక్కుమంది. అయినా పబ్లిక్ పరీక్షలు మూడు నెలల్లోకి వచ్చేశాయి, జాలిపడుతూ కూర్చుంటే పిల్ల పది గట్టెక్కదు.

"ఇదిగో, నా ఎదురుగానే ఆఖరి మెసేజి పెట్టి ఆ బుజ్జిపిట్టని బ్లాక్ చెయ్."

"ఇప్పుడొద్దండీ!" తల్లి గాభరాగా అంది. "ఇంటికెళ్ళాక నేనే చేయిస్తాను."

"ఇన్నాళ్ళూ మీరు చేయించింది చాలు."

తల్లి చెయ్యి సంచి జిప్పు మీదికి వెళ్ళింది. కూతురు ఆ చేతినే గట్టిగా పట్టుకుంది. ఏడుపొచ్చినప్పుడు చిన్నప్పటి నుంచీ దానికి అదే అలవాటు. రెండో చేత్తో ఫోను తీసుకుని, బొటనవేలితో ఒక్కో అక్షరమే కొట్టింది.

'ఇంక మాట్లాడలేను. నువ్వూ చదువుకో. నా గురించి కంగారు పడకు. ఇకనుంచి అన్నీ మా అమ్మకే చెప్పుకుంటాలే.'

కళ్ళు మూసుకుని పంపేసింది.

అమ్మ సంచిలో ఫోను మోగింది.